మేరీల్యాండ్ నార్తా, సౌతా: ఈ వాదన ఎలా చేస్తే ఏమైనా తేలుతుంది

మా ఇంటికి నలుగురు తెలుగువాళ్ళు భోజనానికి వస్తే ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుంది: మేముండే మేరీల్యాండ్ అమెరికాలో నార్త్‌కి చెందుతుందా, సౌత్‌కా అని. సౌత్ అంటే బానిసత్వం నిలుపుకోవడానికి దేశం (యూనియన్) నుంచి విడిపోయి అంతర్యుద్ధానికి దిగిన రాష్ట్రాలు, నార్త్ అంటే బానిసత్వం వదిలేసి యూనియన్‌లో నిలిచినవి. న్యూజెర్సీ నుంచి మారిన వదినగారు "మీ సౌత్‌లో..." అని మొదలుపెడతారు. అట్లాంటాలో పదేళ్ళుండి వచ్చిన అన్నయ్యగారు "ఇది సౌత్ ఏమిటమ్మా? అక్కడైతే ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా ఆగి పలకరిస్తారు" అంటారు. పెరుగన్నం దాకా సాగుతుంది, ఏమీ తేలదు. పోయినేడు మా అమ్మాయికి ఎనిమిదో క్లాసులో ఇదే డిబేట్ పడింది. చీటీ తీస్తే తనకి సౌత్ వచ్చింది. రెండు వారాలు తనతో కూర్చున్నాక ఈ వాదనకి నాకు ఒక పద్ధతి దొరికింది. అదే రాస్తున్నాను.

నాకు ఇంత పట్టింపు ఎందుకో ముందు చెప్పాలి. నాది బళ్ళారి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజునే మా తాలూకా మైసూరులో కలిసింది. అమ్మమ్మగారి రాయదుర్గం ఆంధ్రకి వెళ్ళింది. "ఇంతకీ మీరు ఆంధ్రావాళ్ళా, కర్ణాటకవాళ్ళా?" అని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. అందుకే ఇక్కడ మేరీల్యాండ్‌లోని మా ఊరు ఫ్రెడరిక్‌లో ఎవరైనా ఈ రాష్ట్రం గురించి అదే ప్రశ్న వేస్తే తేలిగ్గా తీసుకోలేను.

మొదట చేయాల్సింది, సెన్సస్ మ్యాప్‌ని పక్కన పెట్టడం. సెన్సస్ బ్యూరో లెక్కలో మేరీల్యాండ్ సౌతే. కానీ డెలావేర్, వాషింగ్టన్ డీసీ కూడా అదే గంపలో ఉన్నాయి. అది లెక్కల సౌకర్యం కోసం వేసిన విభజన. ఫోన్ తీసి అది చూపించి "అయిపోయింది" అనేవాళ్ళతో వాదన అక్కడే ఆగిపోతుంది, ఎవరికీ కొత్తగా ఒక్క విషయం తెలియదు.

తిండి సంగతి కూడా తొందరగా దాటేయండి. స్వీట్ టీ (పంచదార కలిపిన చల్లని టీ) దొరికితే సౌత్, దొరకకపోతే నార్త్ అని చాలామంది అంటారు. ఇప్పుడు హైవే పక్కన ప్రతి చైన్ రెస్టారెంట్‌లోనూ అది దొరుకుతుంది. ఓల్డ్ బే మసాలా చల్లి ఉడికించిన పీతల్ని బల్ల మీద పేపరు పరిచి సుత్తితో కొట్టుకు తినడం అచ్చంగా ఇక్కడి చెసపీక్ అఖాతం తీరపు అలవాటు, అది ఏ పక్షానికీ సాక్ష్యం కాదు.

తర్వాత మేరీల్యాండ్‌కీ పైనున్న పెన్సిల్వేనియాకీ సరిహద్దైన మేసన్-డిక్సన్ గీత దగ్గరికి రండి, వీలైతే నిజంగానే వెళ్ళండి. "గీతకి కింద ఉంది కాబట్టి సౌత్" అనే వాదన అందరూ తెస్తారు. ఆ గీత బానిసత్వం కోసం గీసింది కాదు. పెన్సిల్వేనియా సొంతదారులైన పెన్ కుటుంబానికీ, మేరీల్యాండ్ సొంతదారులైన కాల్వర్ట్ కుటుంబానికీ మధ్య ఎన్నో ఏళ్ళు నలిగిన సరిహద్దు తగాదా తీర్చడానికి మేసన్, డిక్సన్ అనే ఇద్దరు 1763 నుంచి 1767 దాకా కొలిచారు. 1780లో పెన్సిల్వేనియా బానిసత్వాన్ని క్రమంగా రద్దు చేసే చట్టం చేశాకే ఆ గీతకి మనం ఇప్పుడు చెప్పుకునే అర్థం వచ్చింది. మైలుకొక రాయి పాతారు, ఆ రాళ్ళని ఇంగ్లండ్ నుంచి ఓడలో తెచ్చారు. మా ఇంటికి ఉత్తరాన ఒక పొలం గట్టున ఉన్న రాయిని, ఆ రైతుని అడిగి చూసి వచ్చాం. మోకాలెత్తు కూడా లేదు, నాచు పట్టి ఒక పక్కకి ఒరిగింది. మన వైపు మేరీల్యాండ్ ఎం అక్షరం, అటువైపు పెన్సిల్వేనియా పి. మా అమ్మాయి ఎం గాడిలో వేలు పెట్టి తిప్పి చూసింది, సగం అరిగిపోయింది. పుస్తకంలో గీతని చూసినప్పుడు రాని ప్రశ్న అక్కడ వచ్చింది: "అమ్మా, ఒక బానిస ఇక్కడిదాకా పరిగెత్తుకొస్తే, ఈ రాయి దాటితే చాలా?" చాలదని చెప్పాల్సి వచ్చింది. దాటినవాళ్ళని పట్టి వెనక్కి తెచ్చే చట్టం 1850లో ఇంకా కఠినమైంది.

ఎక్కువ సమయం పెట్టాల్సింది 1860 నుంచి 1864 వరకు. ఆ నాలుగేళ్ళు తెలియకుండా ఈ వాదనకి దిగకండి. 1860 జనాభా లెక్కల్లో ఈ రాష్ట్రంలో బానిసలు 87,189 మంది, స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్ళు 83,942 మంది. నల్లవాళ్ళలో దాదాపు సగం, సగం. ఎందుకిలా? దక్షిణపు కౌంటీల్లో పొగాకు, దానికి ఏడాది పొడుగునా చాకిరీ. మా ఫ్రెడరిక్ వైపు జర్మన్ రైతుల గోధుమ, దానికి కోతలప్పుడు కూలీలు చాలు. బాల్టిమోర్‌లో రేవు, రైలు, ఫ్యాక్టరీలు. ఒకే రాష్ట్రంలో మూడు రకాల బతుకులు. వాదనలో ఎవరైనా "మేరీల్యాండ్" అన్నప్పుడల్లా "ఏ కౌంటీ?" అని అడగండి, "ఏ సంవత్సరం?" అని కూడా అడగండి. సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

1861 ఏప్రిల్‌లో రాష్ట్ర రాజధాని అన్నపోలిస్‌లో యూనియన్ సైన్యం దిగి ఉండటంతో శాసనసభ సమావేశాన్ని గవర్నర్ ఫ్రెడరిక్‌కి మార్చాడు. యూనియన్ నుంచి విడిపోవాలన్న ప్రతిపాదన ప్రతినిధుల సభలో 53-13 తేడాతో వీగిపోయింది. వాళ్ళు కూర్చున్న కెంప్ హాల్ మార్కెట్ స్ట్రీట్, చర్చ్ స్ట్రీట్ కలిసే మూల మీద ఇప్పటికీ ఉంది. నార్త్ పక్షం వాళ్ళకి ఇది గట్టి సాక్ష్యం. అయితే ఆ సెప్టెంబరులో విడిపోవాలన్న సభ్యుల్ని మళ్ళీ సమావేశం కాకుండా అధ్యక్షుడు లింకన్ ప్రభుత్వం అరెస్టు చేయించిందని కూడా వాళ్ళు చెప్పాలి. 1863 జనవరి నాటి లింకన్ విముక్తి ప్రకటన తిరుగుబాటు ప్రాంతాలకే వర్తించింది, కాబట్టి ఇక్కడి బానిసలకి ఆ రోజున ఏమీ మారలేదు. 1864లో కొత్త రాజ్యాంగం మీద ఓటు పెట్టి బానిసత్వం రద్దు చేశారు. అనుకూలం 30,174, వ్యతిరేకం 29,799. తేడా 375 ఓట్లు, అదీ యుద్ధంలో ఉన్న సైనికుల ఓట్లు కలిపితేనే. ఈ అంకె గుర్తుంచుకోండి. "మాది ఎప్పుడూ నార్తే" అన్నవాళ్ళ ముందూ, "మాది అసలు సౌతే" అన్నవాళ్ళ ముందూ దీన్ని పెట్టి, దీనికి మీ జవాబు ఏమిటని అడగండి.

నా అభిప్రాయం దాచుకోను. ఈ ప్రశ్నకి మొదటి సాక్షి, బానిసత్వానికి ఎదురు నిలిచి మాట్లాడిన, రాసిన ఫ్రెడరిక్ డగ్లస్. చెసపీక్ అఖాతానికి తూర్పున, ఈ రాష్ట్రపు ఈస్టర్న్ షోర్‌లో బానిసగా పుట్టి, 1838 సెప్టెంబరులో బాల్టిమోర్ నుంచి రైలెక్కి పారిపోయాడు. బాల్టిమోర్ అప్పటికే నార్త్ అయితే ఆయన ఎక్కడికి పారిపోయినట్టు? తాను పారిపోయి, తిరిగొచ్చి ఇతర బానిసల్ని తప్పించిన హ్యారియట్ టబ్‌మన్ పుట్టిందీ ఆ తీరంలోనే. సరిహద్దు ఎవరికి ప్రాణం మీదికి వచ్చిందో వాళ్ళ మాటకి ఎక్కువ బరువు ఇవ్వాలి.

1865 దగ్గర ఆగిపోకండి, చాలామంది అక్కడే ఆగుతారు. 1954 దాకా ఇక్కడ బడులు చట్టం ప్రకారమే తెల్లవాళ్ళకి, నల్లవాళ్ళకి వేరువేరు. 1961లో న్యూయార్క్ నుంచి వాషింగ్టన్ వెళ్ళే ఆఫ్రికా దేశాల రాయబారుల్ని ఈ రాష్ట్రం గుండా వెళ్ళే రూట్ 40 హైవే పక్కన హోటళ్ళు లోపలికి రానివ్వకపోతే కెనెడీ ప్రభుత్వం కల్పించుకోవాల్సి వచ్చింది. లింకన్‌ని నిరంకుశుడన్న పాట 1939 నుంచి రాష్ట్ర గీతంగా ఉండి, 2021లో గానీ పోలేదు. మా వీధి చివర ఉండే నల్లజాతి పెద్దావిడ ఒకరు, నేను ఈ ప్రశ్న అడిగితే, నార్త్, సౌత్ అనే మాటే ఎత్తలేదు. వాళ్ళమ్మ బాల్టిమోర్‌లో ఒక పెద్ద షాపుకి వెళ్తే టోపీ పెట్టి చూసుకోనివ్వలేదని, కాగితం చుట్టి కొలత తీసుకుని ఇంటికి వెళ్ళి సరిచూసుకునేదని చెప్పారు. ఇలాంటివాళ్ళని అడగండి. అడిగాక మధ్యలో మాట్లాడకండి.

ఇప్పటి సంగతికి వస్తే, మాంట్‌గమరీ, హవర్డ్ కౌంటీల్లో ఉన్న మనవాళ్ళు కూడా లెక్కలోకి వస్తారు. లాన్హమ్‌లో శివవిష్ణు ఆలయం ఉంది. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023 జనవరిలో ఈ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. పాత మాటల్లో ఇది ఇమడదు. అలాగని "ఇప్పుడిది ఏదీ కాదు" అని చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు. మనం కొనుక్కున్న ఇళ్ళు ఆ పొగాకు, గోధుమ పొలాల మీద లేచినవే.

డిబేట్ రోజున మా అమ్మాయి డగ్లస్ ప్రశ్నతోనే మొదలుపెట్టింది. ఎదుటి పక్షం అబ్బాయి 53-13 చెప్పాడు. తను 375 చెప్పింది. ఎవరు గెలిచారో టీచర్ ప్రకటించలేదు. ఆ ఆదివారం పెన్సిల్వేనియాలో అంతర్యుద్ధం జరిగిన గెటిస్‌బర్గ్ వెళ్ళాం. అక్కడ 1994లో పెట్టిన మేరీల్యాండ్ స్మారకం ఉంది. గాయపడిన ఇద్దరు మేరీల్యాండ్ సైనికులు, చెరొక పక్షం, ఒకరినొకరు పట్టుకుని నిలబడి ఉంటారు. మా అమ్మాయి చుట్టూ తిరిగి చూసి వచ్చి అడిగింది: "అమ్మా, వీళ్ళది ఏ కౌంటీ?"