ట్రిప్ యూనిట్‌తో ఫాల్ట్ రికార్డు, 4వ పాఠం: రీసెట్ నొక్కకముందు

ముందు పోయినసారి ఇచ్చిన లెక్క. 1600 ఆంపియర్ల ఏసీబీ (ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్). దాని ట్రిప్ యూనిట్‌లో, అంటే కరెంటు చూసి బ్రేకర్‌ను తెరిపించే పెట్టెలో, ఐఆర్ (ఓవర్‌లోడ్) డయల్ 0.8 మీద, ఐఎస్‌డీ (షార్ట్ టైమ్, అంటే షార్ట్ సర్క్యూట్‌కు కొద్ది ఆలస్యంతో ట్రిప్) డయల్ 6 మీద ఉంటే రెండు సెట్టింగులూ ఎన్ని ఆంపియర్లు? ఓవర్‌లోడ్ సెట్టింగు 1280 ఆంపియర్లు, షార్ట్ టైమ్ 7680. మీకు 9600 వచ్చిందంటే 6తో బ్రేకర్ రేటింగును గుణించారన్నమాట. మనం తీసుకున్న యూనిట్‌లో గుణించాల్సింది ఐఆర్‌ని. కొన్ని కంపెనీల యూనిట్లలో మాత్రం రేటింగుతోనే లెక్క. అందుకే డయల్ పక్కన ఏం రాసి ఉందో చూశాకే పెన్ను పట్టండి.

ఇక ఈ పాఠం. రాత్రి రెండున్నరకు ఫీడర్ (ప్యానెల్ నుంచి లోడుకు కరెంటు తీసుకెళ్లే లైను) ట్రిప్పవుతుంది. ప్రొడక్షన్ వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటారు. ఆ టెన్షన్‌లో చెయ్యి తిన్నగా రీసెట్ మీదికే పోతుంది, నాదీ పోయేది. చాలా యూనిట్లలో రీసెట్ నొక్కగానే కారణం చూపే దీపం ఆరిపోతుంది. డిస్‌ప్లే లేని యూనిట్‌కైతే ఆ దీపం తప్ప వేరే సాక్ష్యం లేదు.

కాబట్టి మొదట ఫొటో తీయండి. దీపాలు, డిస్‌ప్లే, డయల్స్ అన్నీ అందులో పడాలి. దీపం అసలు వెలగలేదా? యూనిట్‌కు పవర్ దాని సొంత సీటీల (కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మర్ల) నుంచే వస్తుంది. ట్రిప్పయ్యాక కరెంటు పారదు కాబట్టి దీపాన్ని చిన్న బ్యాటరీ నిలబెడుతుంది. ఆ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది, ఎవరూ చూసి ఉండరు. డిస్‌ప్లే కూడా చీకటిగా ఉంటే విడిగా ఇచ్చిన 24 వోల్టుల డీసీ సప్లై చూడండి. గడియారాన్నీ నమ్మొద్దు, యూనిట్ టైమూ మీ ఫోన్ టైమూ రెండూ రాయండి.

లాగ్‌బుక్‌లో "ట్రిప్ అయింది, ఛార్జ్ చేశాం" (మళ్లీ కరెంటు ఇచ్చాం) అని రాయడం మన దగ్గర పాత జబ్బు. దాని బదులు ఇలా రాయండి (ఆర్, వై, బీ అంటే మూడు ఫేజులు, కరెంట్లు ఆంపియర్లలో):

630 ఆంపియర్ల ఫీడర్, 02:31 (యూనిట్‌లో 02:18), ఎర్త్ ఫాల్ట్ దీపం. ఆర్ 410, వై 380, బీ 260, న్యూట్రల్ 0, ఎర్త్ ఫాల్ట్ కరెంటు 137, సెట్టింగు 126.

ఇలాంటి ఎంట్రీనే పట్టుకుని ఒకసారి ముగ్గురం తెల్లారేదాకా కేబుల్‌ను మెగ్గర్ చేశాం, అంటే ఇన్సులేషన్ పరీక్షించాం. కేబుల్ శుభ్రంగా ఉంది. తప్పు ఎక్కడుందో ఆ అంకెలే చెబుతున్నాయి, మేమే చదవలేదు. ఫేజులు మూడూ మామూలు లోడులోనే ఉన్నాయి, కాకపోతే సమానంగా లేవు. లైట్లు, ఏసీలు ఉన్న నాలుగు వైర్ల ఫీడర్‌లో ఇంత తేడా ఉంటే న్యూట్రల్‌లో కరెంటు ఉండి తీరాలి. రికార్డులో సున్నా!

న్యూట్రల్‌లో ఎంత ఉండాలో లెక్క వేయండి. మూడు ఫేజుల వర్గాల మొత్తం 380100. రెండేసి ఫేజులను గుణించి కూడితే 361200. తేడా 18900, దాని వర్గమూలం 137. సరిగ్గా యూనిట్ చూపిన అంకె. న్యూట్రల్ సీటీ వైరు ఊడిపోయింది, న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటు యూనిట్‌కు కనిపించక, భూమిలోకి పోతోందనుకుంది. సెట్టింగు 630కి 0.2 రెట్లు, అంటే 126. అది దాటగానే కొట్టేసింది.

నిజమైన ఎర్త్ ఫాల్ట్ అయితే సాధారణంగా ఒక్క ఫేజే వందల్లోనో వేలల్లోనో ఎగిరి, మిగతా రెండూ మామూలుగా ఉంటాయి. రెండు ఫేజులు సమానంగా ఎగిరితే అవి ఒకదానికొకటి తగిలాయి. మూడూ ఎగిరితే ఎంత దూరం ఎగిరాయో చూడాలి. 1000 కేవీఏ, 433 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కు ఫుల్ లోడ్ 1333 ఆంపియర్లు. ఇంపెడెన్స్ 5 శాతమైతే దాని టెర్మినల్స్ దగ్గర షార్ట్ కరెంటు దాదాపు 26.7 కిలో ఆంపియర్లు. రికార్డులో 22 కిలో ఆంపియర్లుంటే ప్యానెల్ చుట్టుపక్కలే వెతకండి. 4 ఉంటే కేబుల్ అవతలి కొసకు నడవండి. ఎటు వెళ్లినా మెగ్గర్ చేయకుండా బ్రేకర్ ఎక్కించొద్దు.

వచ్చే పాఠానికి లెక్క: రోజూ మూడు ఫేజుల్లోనూ 350 ఆంపియర్లు తీసుకునే మోటార్ ఫీడర్ ఓవర్‌లోడ్‌లో ట్రిప్పయింది. రికార్డులో ఆర్ 2, వై 610, బీ 605. మోటారు మీద లోడు పెరగలేదని ఆపరేటర్ ఒట్టేసి చెబుతున్నాడు. మీరు మొదట ఏం విప్పి చూస్తారు?