షిఫ్ట్ మారేటప్పుడు చెప్పిన మాట అందకపోతే: నా అనుభవం

షిఫ్ట్ మారేటప్పుడు చెప్పిన విషయం అవతలివాళ్లకు అందట్లేదని చాలామంది అడుగుతుంటారు. మా దగ్గరా అదే తంతు. ‘చెప్పాను కదా’ అని వీళ్లు, ‘నాకెవరూ చెప్పలేదు’ అని వాళ్లు. రిజిస్టర్, వాట్సాప్ గ్రూపు, పొడవాటి ఈమెయిల్, అందరితో మీటింగ్... ఏవీ నిలబడలేదు.

పనిచేసింది, విన్నవాళ్లతో తిరిగి చెప్పించడం. విమానయానంలో ఇది నియమం. విమానాల రాకపోకలు చూసే కంట్రోలర్ ఇచ్చిన క్లియరెన్స్‌ను (అనుమతిని) పైలట్ తిరిగి వినిపించాలి, తేడా ఉంటే అక్కడే సరిదిద్దుతారు.

ముందుగా, డ్యూటీ దిగేవాళ్లు సగంలో ఉన్న పనులే చెప్తారు. అయిపోయినవి వద్దు, వాటి మధ్యే అసలు సంగతి మరుగున పడేది. తర్వాత డ్యూటీ ఎక్కేవాళ్లు తమ మాటల్లో తిరిగి చెప్తారు: ‘మూడో మెషీన్ ఆపి ఉంది, బేరింగ్ మార్చేదాకా స్టార్ట్ చేయకూడదు, స్టోర్స్‌కి ఫోన్ చేయాల్సింది నేనే.’ ఎవరు చేయాలన్న ఆ చివరి ముక్క తప్పకుండా రావాలి. ‘సరే, సరే’ని జవాబుగా తీసుకోకండి. ఆపైన రిజిస్టర్‌లో రాసేది విన్నవాళ్లే, చెప్పినవాళ్లు కాదు. నా లెక్కలో అసలు మార్పు ఇక్కడే వచ్చింది. రాయాలంటే అర్థం కానిది అడగక తప్పదు మరి.

సీనియర్లను తిరిగి చెప్పమంటే పరీక్ష పెట్టినట్టు ఉంటుంది. అందుకే మా సూపర్‌వైజర్ గారు ముందు తానే చెప్పి చూపించారు. ఆ తర్వాత మొహమాటాలు తగ్గాయి.

ఇది ఎదురెదురుగా నిలబడి పని అప్పగించే చోటు. మెసేజీల మీదే నడిచే టీములకు ఇంతగా పనికొస్తుందో లేదో చెప్పలేను. ఇద్దరి మధ్య నిజంగానే పడకపోతే మాత్రం దీంతో తీరదు.