ఇంజను కొత్తది, పెయింటు పాతది: రీబిల్డ్ చేయించిన పాత అమెరికన్ కాంపాక్ట్ కారును అమ్మే పద్ధతి

ఇంజను దించి బోరు చేయించి (అరిగిన సిలిండర్ల లోపలి గోడలను కొద్దిగా వెడల్పు చేయించి), గేర్‌బాక్సు విప్పి కట్టించి, బ్రేకులన్నీ మార్పించిన 1960ల నాటి డాడ్జ్ డార్ట్‌నో ప్లిమత్ వేలియంట్‌నో అమ్మకానికి పెట్టినప్పుడు, యజమాని పెట్టిన ఖర్చంతా కంటికి కనిపించని చోట ఉంటుంది. చూడటానికి వచ్చినవారికి మొదట కనిపించేవి వెలిసిపోయిన పెయింటు, చిరిగిన సీటు. కాబట్టి ఇటువంటి కారును అమ్మడంలో అసలు పని, లోపల జరిగిన మరమ్మతుకు సాక్ష్యం చూపించడం. ఆ సాక్ష్యాన్ని ప్రకటన రాయకముందే సమకూర్చుకోవాలి.

పాత కార్ల ప్రకటనల్లో ‘రీబిల్డ్’ అన్న మాట బాగా అరిగిపోయింది. గాస్కెట్లు మార్చి పైన రంగు కొట్టిన ఇంజనును కూడా కొందరు అలాగే పిలుస్తారు. అందువల్ల ఆ ఒక్క మాటతో సరిపెట్టకుండా, బోరు ఎంత పెంచారు, క్రాంక్‌షాఫ్టును గ్రైండింగ్ చేయించారా, బేరింగులు ఏ సైజువి, క్యామ్‌షాఫ్టు కొత్తదా, పని పూర్తయ్యాక కారు ఎన్ని మైళ్లు తిరిగింది అన్న వివరాలన్నీ మెషిన్ షాపు రశీదులతో సహా ప్రకటనలోనే ఇవ్వండి. ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టిపరచిన సీట్లు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే లోహపు వలయాలు) వేయించి ఉంటే ఆ సంగతిని ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఇంజన్లు వాల్వు సీట్లు అరగకుండా సీసం కాపాడే పెట్రోలు వాడే రోజుల్లో తయారయ్యాయి, రోడ్డు వాహనాలకు ఆ పెట్రోలు అమ్మకం అమెరికాలో 1996 నుంచి పూర్తిగా నిషిద్ధం. ఆరు సిలిండర్లకూ కంప్రెషన్ (లోపలి పీడనం) పరీక్ష చేసి, గేజి మీద అంకె కనిపించేలా ఒక్కోదానికి ఒక ఫోటో తీయండి. తెలిసిన కొనుగోలుదారు ఆ అంకెలు ఎంత పెద్దవన్నదానికంటే ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయన్నదే ముందు చూస్తాడు.

చూడటానికి మనిషి వచ్చే రోజు ఇంజనును ముందుగా స్టార్టు చేసి ఉంచకండి. అనుభవం ఉన్నవారు పలకరింపులు కాగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూస్తారు. అది వెచ్చగా తగిలితే, చల్లటి ఇంజనులో ఏదో దాస్తున్నారన్న అనుమానం ఆ క్షణంలోనే మొదలవుతుంది. బానెట్ చల్లగా ఉండగా తాళం వారి చేతికే ఇచ్చి, మీరు పక్కన నిలబడండి. 30 డిగ్రీలు పక్కకు ఒరిగి ఉండే, ఈ రెండు కార్లనూ తయారుచేసిన క్రైస్లర్ కంపెనీ వారి ఆరు సిలిండర్ల స్లాంట్ సిక్స్ ఇంజనైతే, నడుస్తున్నంతసేపూ కుట్టుమిషను వంటి సన్నని టకటక వినిపించడం సహజం. అందులో సాలిడ్ ట్యాపెట్లు (వాల్వులను కదిపే, సందును చేత్తో సర్దాల్సిన భాగాలు) ఉంటాయి. ఇంజను వేడి మీద ఇంటేక్ వాల్వులకు 0.010, ఎగ్జాస్ట్ వాల్వులకు 0.020 అంగుళం సందు పెట్టామని ముందే చెబితే, ఆ చప్పుడును లోపంగా పొరబడే వ్యక్తి కూడా నిదానిస్తాడు.

తుప్పు విషయంలో మొహమాటం పనికిరాదు. కార్పెట్టు ఎత్తి ఫ్లోరు, డిక్కీ అడుగు, విండ్‌షీల్డ్ కింది కౌల్ భాగం, వెనుక చక్రాల వెనకున్న రేకుల చివర్లు, ముందు చక్రాలకు స్ప్రింగుల్లా పనిచేసే టార్షన్ బార్లు బిగించే క్రాస్‌మెంబరు (అడ్డ దూలం) ఫోటోలన్నీ పెట్టండి. అమ్మేముందు చవక పెయింటు వేయించడం పెద్ద పొరపాటని నా దృఢమైన అభిప్రాయం. కొత్త రంగు కింద ఎంత పుట్టీ దాగి ఉందోనని అందరూ అయస్కాంతం పట్టుకుని వస్తారు, వెలిసిన అసలు రంగును మాత్రం నమ్ముతారు.

ధర దగ్గర మనసు గట్టి చేసుకోవాలి. రీబిల్డ్‌కు పెట్టిన డబ్బు మొత్తం తిరిగి రావడం అరుదు. నాలుగు తలుపుల సెడాన్‌కు రెండు తలుపుల హార్డ్‌టాప్ ధర పలకదు, ఆరు సిలిండర్ల కారుకు ఎనిమిది సిలిండర్ల వీ8 ధర పలకదు. అమ్మేవారు అడుగుతున్న ధరలను కాక, వేలంలో నిజంగా అమ్ముడైన ధరలను పోల్చండి. పాత కార్లకు విలువ కట్టే హ్యాగర్టీ వంటి సంస్థలు కారు స్థితిని 1 (అత్యుత్తమం) నుంచి 4 వరకు లెక్కిస్తాయి. ఇంజను ఎంత బాగున్నా, పెయింటు, సీట్లు పాతబడిన కారును 1, 2 తరగతుల ధరకు పెట్టడం కాలయాపనే.

కాగితాల్లో టైటిల్ (యాజమాన్య పత్రం) మీది నంబరు, కారు మీది నంబరు అక్షరం తేడా లేకుండా కలవాలి. 1981కి ముందటి నంబర్లలో ఇప్పటి కార్లకు ఉన్నట్టు 17 అక్షరాలు, అంకెలు ఉండవు కాబట్టి దాని గురించి కంగారు పడనక్కరలేదు. ఈ కార్ల ఓడోమీటరులో మైళ్లకు ఐదు అంకెలే ఉంటాయి, లక్ష దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, కాబట్టి రుజువు లేకుండా అవే అసలు మైళ్లని రాయకూడదు. క్యాషియర్ చెక్ (బ్యాంకే తన తరఫున రాసిచ్చే చెక్కు) ఇస్తామంటే, కొనేవారి బ్యాంకుకే వెళ్లి మీ కళ్లెదుట రాయించుకోండి. అమ్మిన సంగతిని రాష్ట్ర మోటారు వాహనాల శాఖకు వెంటనే తెలపండి. కాలిఫోర్నియాలో దీనికి 5 రోజులే గడువు.

టెస్ట్ డ్రైవ్‌కు లైసెన్సు, బీమా చూశాకే తాళం ఇచ్చి, మీరూ పక్క సీట్లో కూర్చోండి. పవర్ లేని డ్రమ్ బ్రేకులకు పెడల్‌ను గట్టిగా తొక్కాలని బయలుదేరే ముందే చెప్పాలి. 1967 కంటే ముందటి మోడళ్లలో మాస్టర్ సిలిండరుకు (పెడల్ తొక్కగానే బ్రేకు ద్రవాన్ని చక్రాలకు నెట్టే భాగానికి) ఒకే సర్క్యూట్ ఉండటం మామూలు, అంటే ఒక్కచోట లీకైనా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. రెండు సర్క్యూట్ల సిలిండరు వేయించి ఉంటే దాన్ని చూపించండి. వేయించకపోతే ఆ మాట దాచకండి, అది ఎదుటివారి ప్రాణానికి సంబంధించిన విషయం.

బేరం కుదిరాక, తీసేసిన అసలు కార్బ్యురేటరు, రేడియో, సర్వీసు మాన్యువల్ ఒక పెట్టెలో పెట్టి ఇవ్వండి. 1960ల క్రైస్లర్ కారైతే, డ్రైవరు వైపు చక్రాల నట్లకు ఎడమ మరలు ఉంటాయని, అంటే మామూలుకు వ్యతిరేక దిక్కున విప్పాలని చెప్పి, ఒక నట్టును వారి చేతనే విప్పించండి. ఆ సంగతి తెలియని టైరు షాపు కుర్రవాడు ఇంపాక్ట్ గన్‌తో తప్పు దిక్కుకు తిప్పితే స్టడ్డు విరిగిపోతుంది.