నీళ్లు ఆగితే మంట ఆగాలి

పోయిన నెల నాకు తెలిసిన చిన్న డిస్టిలరీలో మంటలు లేచాయి. లైసెన్సు ఉంది, రాగి బట్టీ కొత్తది, కాచేవాడు అనుభవం ఉన్నవాడే. ప్రాణం దక్కింది కానీ రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి. అతన్ని చూసి వచ్చి ఇది రాస్తున్నాను.

లైసెన్సు లేకుండా ఒక్క సీసా కాచినా నేరమేనని గుడుంబా దాడులు చూస్తూ పెరిగిన వరంగల్ వాళ్లకు చెప్పనక్కర లేదు. ఆ కాగితాలన్నీ చేతికొచ్చాక జరిగే తప్పు గురించే నా బాధ.

ఇప్పపువ్వు రాలేది మార్చి, ఏప్రిల్‌లలో. కొత్తగా పెట్టినవాళ్లు ఆ పువ్వు తెచ్చి, సరిగ్గా ఎండలు ముదిరే వేళకు బట్టీ ఎక్కిస్తారు. నలభై శాతం ఆల్కహాలు ఉన్న సారా సుమారు 26 డిగ్రీల దగ్గరే నిప్పు తగిలితే అంటుకునే ఆవిరి వదులుతుంది. మన రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నం ఎంత ఉంటుందో మీకే తెలుసు.

ఇక ఆ తప్పు. ఆవిరిని చల్లబరిచి సారాగా దించే కండెన్సర్‌కు నీళ్లు మోటారు నుంచి నేరుగా పెడతారు. కరెంటు పోతుంది, మోటారు ఆగుతుంది. కింద గ్యాసు మంటకు కరెంటుతో పని లేదు, అది మండుతూనే ఉంటుంది. చల్లబడని ఆవిరి గొట్టం నుంచి అలాగే బయటికొచ్చి, గాలికన్నా బరువు కాబట్టి నేల మీద పాకుతూ పొయ్యి దగ్గరికే చేరుతుంది. నేను చెప్పిన చోట జరిగింది ఇదే. జనరేటరు ఉంది కదా అనకండి. అక్కడా ఉంది, అతను దాన్ని వేయడానికి వెళ్లాడు, మంట ఆర్పలేదు.

నీళ్లు పైట్యాంకు నుంచి వాటంతట అవే దిగాలి. ఒక కాపు, అంటే ఒకసారి బట్టీ ఎక్కించి దించేదాకా మొత్తానికీ, ఆ తర్వాత బట్టీ చల్లారడానికీ సరిపడా ముందే నింపి ఉంచాలి. కరెంటు పోగానే గ్యాసు తనంతట మూసుకునే వాల్వు పెట్టించండి. కరెంటు ఉన్నా ట్యాంకు నీళ్లే వేడెక్కితే అదే ప్రమాదం. కారే ధార చల్లగా ఉండాలి. గోరువెచ్చగా తగిలిందంటే నీళ్ల పని అయిపోయింది. మంట ఆర్పండి.

పులిసే తొట్టిలోకి తల దూర్చకండి. కిలో చక్కెర పులిస్తే సుమారు 250 లీటర్ల బొగ్గుపులుసు వాయువు వస్తుంది, అది తొట్టిలోనే నిలిచిపోతుంది, ఊపిరాడదు. ఒకరు పడిపోతే తీయడానికి ఇంకొకరు దిగకండి.

తొలి ధార పారబోస్తే మిథనాల్ అనే విషపు ఆల్కహాలు మొత్తం పోయినట్లు కాదు, ప్రతి కాపునూ ల్యాబుకు పంపండి. సీసం టంకంతో బట్టీకి అతుకు వేయించకండి. డ్రమ్ములు అంచుదాకా నింపకండి, వేడికి సారా పొంగుతుంది. మంటలార్పే మామూలు నురుగు సిలిండరు సారా మంట మీద నిలవదు, ఆల్కహాలు మంటలకు పనికొచ్చేదే కొనండి. బీడీ గేటు బయటే. రాత్రి ఒక్కరే కాయకండి. ఫోను వచ్చిందని బట్టీ వదిలి వెళ్లకండి. నీళ్లు ఆగాయా, ముందు మంట ఆర్పండి, ఆ కాపు పోతే పోనివ్వండి. రేపు పొద్దున పైట్యాంకు ఎక్కి నీటి మట్టం మీ కళ్లతో చూసి దిగాకే లైటరు పట్టుకోండి.