డాట్ ఇన్ పేరు తీసుకునే ముందు: రిజిస్ట్రీ నిబంధనలు, పాటించాల్సిన పద్ధతి

వెబ్‌సైట్ చిరునామా అయిన డొమైన్‌ను 'కొన్నాం' అంటుంటాం గానీ, నిజానికి ఏడాది నుంచి పదేళ్ల దాకా కౌలుకు తీసుకోవడమే. ఆ కౌలు నిబంధనలు రాసేది రిజిస్ట్రీ. మన దేశపు డాట్ ఇన్ (.in) పేర్లకు అది నిక్సీ, అంటే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా. 2003లో ఏర్పడిన ఈ సంస్థ 2005లో డాట్ ఇన్‌ను అందరికీ తెరిచింది.

పేర్లన్నీ ఉండే డేటాబేస్ ఒక్కటే, దాన్ని కాపాడేది రిజిస్ట్రీ. మీ దగ్గర డబ్బు తీసుకుని అందులో పేరు రాయించేది గుర్తింపు పొందిన రిజిస్ట్రార్. వెబ్‌సైట్ ఉండే హోస్టింగ్ వేరే సంగతి. సైట్ ఆగినప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో ఈ తేడాయే చెబుతుంది. హూయీజ్‌లో, అంటే డొమైన్ నమోదు వివరాలు చూపే సేవలో, పేరు వెతికి స్టేటస్ చూడండి. 'సర్వర్ హోల్డ్' అని ఉంటే పేరు పనిచేయకుండా ఆపింది రిజిస్ట్రీ. 'క్లయింట్ హోల్డ్' అయితే రిజిస్ట్రార్. ఎక్కువగా బాకీ వల్లో, వివరాల ధ్రువీకరణ పూర్తికాకో అలా పెడతారు. హోల్డ్ ఏదీ లేకుండా సైట్ తెరుచుకోకపోతే నేమ్‌సర్వర్లనూ (పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పేవి) హోస్టింగ్‌నూ చూసుకోవాలి.

డాట్ ఇన్, కో డాట్ ఇన్, ఆర్గ్ డాట్ ఇన్ లాంటివి ఎవరైనా తీసుకోవచ్చు, విదేశాల్లో ఉన్నవాళ్లు కూడా. గవ్ డాట్ ఇన్ కావాలంటే ప్రభుత్వ సంస్థ అయి ఉండి ప్రభుత్వ ఐటీ సంస్థ అయిన ఎన్ఐసీని అడగాలి. ఏసీ డాట్ ఇన్, ఈడీయూ డాట్ ఇన్ విద్యాసంస్థలకు ఎర్నెట్ అనే విద్యా, పరిశోధనా నెట్‌వర్క్ సంస్థ ఇస్తుంది. బ్యాంకులకు ప్రత్యేకించిన బ్యాంక్ డాట్ ఇన్‌కు రిజిస్ట్రార్ హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీ. 2025 అక్టోబర్ 31లోగా అందులోకి మారాలని బ్యాంకులకు రిజర్వ్ బ్యాంక్ గడువు పెట్టింది.

డాట్ ఇన్ పేరులో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, హైఫన్ మాత్రమే వాడాలి. హైఫన్ మొదట్లోనూ చివర్లోనూ పనికిరాదు. గరిష్ఠం 63 అక్షరాలు. భారతీయ భాషల పేర్లకున్న డాట్ భారత్‌లో తెలుగు పేరు తీసుకుంటే ఇక్కడో మెలిక ఉంది: పేర్లను సర్వర్ల చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ లోపల ఆ పేరు ప్యూనీకోడ్‌లోకి, అంటే ఇంగ్లిష్ అక్షరాలు, అంకెల రూపంలోకి మారుతుంది, 63 పరిమితి ఆ మారిన రూపానికే. గుణింతాలు, వత్తులు కూడా విడి అక్షరాలుగా లెక్కకొస్తాయి కాబట్టి పేరు పొట్టిగా ఉండటమే మేలు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగేది రిజిస్ట్రెంట్ గడి దగ్గర, అంటే పేరు ఎవరిదో రాసే చోట. సైట్ చేసిపెట్టిన డిజైనర్ తన పేరు, తన ఈమెయిల్ వేసుకుంటే రికార్డు ప్రకారం యజమాని ఆయనే. సంస్థ పేరూ, సంస్థ చేతిలో ఉండే ఈమెయిలూ వేయించండి. ఆ ఈమెయిల్ ఇదే డొమైన్‌పై ఉండకూడదు. డొమైన్ ఆగిన రోజే అదీ ఆగిపోతుంది. డాట్ ఇన్‌లో అసలు యజమాని వివరాలు దాచే ప్రైవసీ, ప్రాక్సీ సేవల చాటున నమోదు చేసుకోవడానికి అనుమతి లేదు. తప్పుడు వివరాలు ఇస్తే పేరు రద్దు కావచ్చు.

గడువు దాటాక కొన్నాళ్లు మామూలు ధరకే పునరుద్ధరించుకోవచ్చు. ఎన్నాళ్లన్నది రిజిస్ట్రార్‌ను బట్టి మారుతుంది, ముందే అడగండి. తర్వాత పేరు తొలగింపులో పడితే తిరిగి దక్కించుకోవడానికి 30 రోజుల రిడెంప్షన్ గడువు ఉంటుంది. అప్పుడు తిరిగి తెచ్చుకోవాలంటే అదనపు రుసుము భారీగానే పడుతుంది. ఆపై 5 రోజుల పెండింగ్ డిలీట్‌లో, అంటే పూర్తిగా తొలగేముందు దశలో, ఎవరూ ఏమీ చేయలేరు. అది ముగియగానే మంచి పేర్లను కాచుకుని ఉన్న సాఫ్ట్‌వేర్లు ఎగరేసుకుపోతాయి.

రిజిస్ట్రార్‌ను మార్చాలంటే ముందు బదిలీని అడ్డుకునే ట్రాన్స్‌ఫర్ లాక్ తీయించి, బదిలీకి అనుమతినిచ్చే ఆథ్ కోడ్ తీసుకుని కొత్తవాళ్లకు ఇవ్వాలి. కొత్తగా నమోదైన పేరుకు మొదటి 60 రోజులు ఇది కుదరదు.

మీ ట్రేడ్‌మార్క్‌ను పోలిన పేరు వేరేవాళ్లు పట్టుకుంటే డాట్ ఇన్ పేర్ల వివాదాల పరిష్కార విధానమైన ఐఎన్‌డీఆర్‌పీ కింద ఫిర్యాదు చేయవచ్చు. మూడు విషయాలు రుజువు చేయాలి: పేరు మీ గుర్తును తికమకపడేంతగా పోలి ఉందనీ, అవతలివాళ్లకు దానిపై న్యాయమైన హక్కు లేదనీ, దురుద్దేశంతో నమోదు చేశారనీ లేదా వాడుతున్నారనీ. ఈ 'లేదా' ముఖ్యం. డాట్ కామ్ వివాదాల్లో నమోదు, వాడకం రెండింటిలోనూ దురుద్దేశం చూపాలి.