పాత టీఐ-83 ప్లస్‌కి లైటు బిగించే ముందు

డిసెంబరు సెలవులు వస్తున్నాయి. డాలస్ చుట్టుపక్కల హైస్కూలు పిల్లలున్న మన ఇళ్లల్లో వెతికితే, ఏదో ఒక డ్రాయరులో అన్నదో అక్కదో టీఐ-83 ప్లస్ దొరుకుతుంది. అది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ గ్రాఫింగ్ కాలిక్యులేటర్. 1999లో వచ్చిన మోడల్. అడ్డంగా 96, నిలువుగా 64 చుక్కలున్న బూడిదరంగు తెర. పగలు చక్కగా కనిపిస్తుంది, రాత్రి కారు వెనక సీట్లో ఏమీ కనిపించదు. 2015లో అదే కంపెనీ తెచ్చిన టీఐ-84 ప్లస్ సీఈకి లైటు లోపలే ఉంటుంది గానీ దాని ధర ఎక్కువ. మా మేనల్లుడు పాతది పట్టుకొచ్చి, "మామయ్యా, దీనికి మనమే లైటు పెట్టేద్దాం, అరగంట పనేగా" అన్నాడు. అరగంటలో అయ్యేది కాదు. ఒక శనివారం మొత్తం దీనికే వదిలేయండి. తొందరపడితే తెర పోతుంది.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఈ పనిలో ఒకసారి చేశాక మళ్లీ సరిచేయలేని అడుగు ఒకటుంది. అది తెర గాజు వెనక అంటించి ఉన్న వెండిరంగు పొరను ఊడదీయడం. బయటి వెలుతురు తెరలోంచి లోపలికి వెళ్లి, ఆ పొరకు తగిలి వెనక్కి వస్తేనే మనకు అంకెలు కనిపిస్తాయి. అది ఉన్నంతకాలం వెనక నుంచి వేసిన లైటు ముందుకు రాదు. తీసేశాక, లైటు ఆర్పి ఉన్నప్పుడు తెర మునుపటంత తేటగా ఉండదు. దాని స్థానంలో పలుచని తెల్లటి డిఫ్యూజర్ షీటు పెడితే పగటి వెలుతురు కొంత తిరిగొస్తుంది, రాత్రి లైటు కూడా తెరంతా సమంగా పరుచుకుంటుంది. అయినా తేడా తేడానే. కాబట్టి పిల్లల దగ్గరున్న ఒకే ఒక్క కాలిక్యులేటర్ మీద ఈ ప్రయోగం వద్దు. పాడైనా బాధ లేని పాతదాని మీదే మొదలుపెట్టండి.

విప్పే ముందు, దాచుకోవాల్సిన ప్రోగ్రాములుంటే లింక్ కేబుల్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించండి. నాలుగు ట్రిపుల్-ఏ బ్యాటరీలతో పాటు లోపలి చిన్న బటన్ బ్యాటరీని కూడా తీయాలి. రెండూ తీస్తే ర్యామ్‌లో, అంటే తాత్కాలిక మెమరీలో ఉన్నదంతా చెరిగిపోతుంది, బ్యాటరీ లేకపోయినా నిలిచే ఆర్కైవ్ మెమరీలో పెట్టినవి మాత్రం ఉంటాయి. ఇంట్లో పాకే పిల్లలుంటే ఆ బటన్ బ్యాటరీని బల్ల మీద వదలొద్దు. లిథియం బటన్ బ్యాటరీ మింగితే, గొంతులో ఇరుక్కున్న చోట రెండు గంటల్లోనే తీవ్రంగా కాలిన గాయం కావచ్చు. తీసిన వెంటనే మూత ఉన్న డబ్బాలో వేసి పైఅరలో పెట్టండి. మింగాడన్న అనుమానం వచ్చినా చాలు, ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

చలికాలంలో ఇంకో చిక్కు ఉంది. హీటర్ వేసిన ఇంట్లో గాలి పొడిబారిపోతుంది. కార్పెట్ మీద నడిచి తలుపు పిడి పట్టుకుంటే చిటుక్కుమంటుంది చూడండి, ఆ చిటుక్కు బోర్డు మీది చిప్‌కి తగిలితే చిప్ చచ్చిపోవచ్చు. కార్పెట్ లేని గదిలో, నూలు చొక్కాతో కూర్చోండి. యాంటీ-స్టాటిక్ పట్టీ ఉంటే మణికట్టుకు కట్టుకోండి.

వెనక మూతకు ఉండేవి నక్షత్రం ఆకారపు స్క్రూలు. వాటికి టీ6 బిట్ కావాలి. మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పితే తల అరిగిపోయి ఇక రావు. మూతను ప్లాస్టిక్ కార్డుతో మెల్లగా విడదీయండి. తెరను బోర్డుకు కలిపే రిబ్బన్ కేబుల్‌ను మడవకూడదు, లాగకూడదు. అది కాస్త ఊడినా తెర మీద గీతలు గీతలుగా చుక్కలు మాయమవుతాయి.

ఇప్పుడు ఆ పొర సంగతి. గాజు ముఖాన్ని మెత్తటి బట్ట మీద బోర్లించండి. బ్లేడు వద్దు, గోరుతోనో ప్లాస్టిక్ ముక్కతోనో ఒక మూల లేపండి. హెయిర్ డ్రైయర్‌ని తక్కువ వేడిలో, దూరం నుంచి కాసేపు చూపిస్తే జిగురు మెత్తబడుతుంది. తర్వాత పొరను పైకి లాగకుండా, దాని మీదకే మడుస్తున్నట్టు వెనక్కి, చాలా నెమ్మదిగా లాగాలి. మూలల్లో ఒత్తిడి పడితే గాజు చిట్లుతుంది. వెండి పొర కింద బూడిదరంగు పొర ఇంకొకటి ఉంటుంది, అది పోలరైజర్. వెలుతురును ఒక దిశలోనే వదిలే పొర అది, లేకపోతే అంకెలు కనిపించవు. కొన్ని తెరల్లో ఈ రెండూ విడిపోకుండా అతుక్కునే ఉంటాయి. నేను మొదటిసారి తీసినప్పుడు రెండూ కలిసి ఊడొచ్చాయి. బ్యాటరీలు వేసి ఆన్ చేస్తే తెర ఖాళీ గాజులా ఉంది. చాలాసేపు అది చచ్చిపోయిందనే అనుకున్నాను. కొత్త పోలరైజర్ ఫిల్ము ముక్క వెనక పెట్టి తిప్పి చూస్తే అంకెలు మళ్లీ కనిపించాయి. అడ్డదిడ్డంగా పెడితే నలుపు తెలుపు తారుమారవుతాయి, అందుకే సరైన వైపు చూసుకున్నాకే కత్తిరించాలి. ముందే ఒక ఫిల్ము తెప్పించి పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. మిగిలిన జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా అద్దిన దూదిపుల్లతో తుడవండి. గోళ్ల రంగు తీసే ద్రవం మాత్రం వాడొద్దు, చాలావాటిలో అసిటోన్ ఉంటుంది, అది పోలరైజర్‌ను నాశనం చేస్తుంది.

లైటుకు రెండు చిన్న తెల్ల ఎల్‌ఈడీలు చాలు. నాలుగు బ్యాటరీలు కలిసి 6 వోల్టులు, తెల్ల ఎల్‌ఈడీకి సుమారు 3.2 కావాలి. మిగిలిన 2.8ని, కరెంటును అదుపు చేసే 220 ఓమ్‌ల రెసిస్టర్‌కు వదిలితే దాదాపు 13 మిల్లీయాంపులు పారుతుంది. ఒక్కో ఎల్‌ఈడీకి విడిగా రెసిస్టర్ పెట్టండి. రెండింటికీ ఒకటే పెడితే ఒకటి ఎక్కువ లాగుతుంది, రెండోది మసగ్గా వెలుగుతుంది. కరెంటు బ్యాటరీ కొసల నుంచి చిన్న స్విచ్ ద్వారా తీసుకోండి, తెర పిన్నుల నుంచి ఎప్పుడూ తీయొద్దు. ఎల్‌ఈడీలకు బదులు, షీటంతా తానే వెలిగి నీలిపచ్చ వెలుగునిచ్చే ఈఎల్ (ఎలక్ట్రోల్యూమినిసెంట్) షీటు అందంగా ఉంటుంది నిజమే, కానీ బ్యాటరీ కరెంటును దానికి తగ్గట్టు మార్చే ఇన్వర్టర్ నుంచి వచ్చేది 100 వోల్టుల దరిదాపు ఏసీ. చేతికి తగిలితే షాక్ కొడుతుంది. మొదటిసారి చేసేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

సీసం తీగ కరిగించి వైర్లు అతికేటప్పుడు, అంటే సోల్డరింగ్ చేసేటప్పుడు కిటికీ తీయండి, చలేసినా సరే. ఆ పొగ పీల్చకూడదు. సీసం కలిసిన తీగ పట్టుకున్న చేతులతో ఏమీ తినొద్దు, సబ్బుతో కడుక్కోండి. పిల్లాడు పక్కనే కూర్చుంటే వాడికీ కళ్లద్దాలు పెట్టండి. తెగిన ఎల్‌ఈడీ కాలు ఎటు ఎగురుతుందో చెప్పలేం.

మూత బిగించే ముందు వైర్లు స్క్రూ స్తంభాల మధ్య నలగడం లేదని చూసుకోండి. తర్వాత చీకటి గదిలో పది నిమిషాలు వెలిగించి, బ్యాటరీల మూత మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా అనిపిస్తే ఎక్కడో షార్ట్ అయినట్టే, వెంటనే బ్యాటరీలు తీసేయండి.

మే నెలలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి) కాల్‌క్యులస్ పరీక్ష రాసే పిల్లలుంటే, ఇలా మార్చిన కాలిక్యులేటర్‌ను అనుమతిస్తారా అని జనవరిలోనే స్కూల్లో అడగండి. ఆ రోజు హాల్లో ఎవరైనా అభ్యంతరం చెబితే పిల్లల ధ్యాసంతా పోతుంది. అనుమతి దొరికినా సరే, బ్యాగులో విప్పని కాలిక్యులేటర్ ఒకటి పెట్టి పంపండి.