కంబోడియా సంప్రదాయ పెళ్లికి ఫొటోలు తీయడం ఎలా?

మన పెళ్లిళ్లలో జీలకర్ర-బెల్లం, తాళి ఫొటోలు బాగా పడితే ఫొటోగ్రాఫర్‌కి సగం టెన్షన్ తీరినట్టే. ఖ్మేర్ (కంబోడియా ప్రజల) పెళ్లిలో అలా కాచుకుని కూర్చోవడానికి ఒక్క ముహూర్తం అంటూ ఉండదు. ఒకప్పుడు మూడు పగళ్లు, మూడు రాత్రులు సాగిన తంతును ఇప్పుడు చాలా కుటుంబాలు ఒకటి, ఒకటిన్నర రోజుకు కుదించాయి. దాంతో ఒక ఘట్టం ముగిసీ ముగియకముందే ఇంకొకటి మొదలైపోతుంది.

1. ముందురోజే ఆచార్‌ను కలవండి

పెళ్లి తంతు నడిపించే పెద్దమనిషిని అక్కడ ఆచార్ అంటారు. ఏ ఘట్టం తర్వాత ఏది, ఏది ఉంచారు, ఏది వదిలేశారు అన్నది ఇంటింటికీ మారుతుంది కాబట్టి ఆ వరస ఆయన నోటే వినాలి. చేతులు జోడించి పలకరించి, పెళ్లివారిలో ఇంగ్లిష్ వచ్చిన కుర్రాణ్ణి ఎవరినైనా వెంటబెట్టుకుని అడిగి రాసుకోండి. మీరు ఎక్కడ కూర్చోవచ్చో కూడా అప్పుడే తేల్చుకోండి. తెలుపు అక్కడ చావు ఇంట కట్టే రంగు, నలుపు కూడా పెళ్లికి నప్పదు. ఆ రెండూ కాకుండా, నేల మీద కూర్చోవడానికి వీలైన బట్టలు వేసుకోండి. చెప్పులు బయటే విడవాలి.

2. సంచిలో తక్కువ సామాను

24-70 లెన్స్‌తో పని దాదాపు అంతా అయిపోతుంది. కొవ్వొత్తి వెలుగు కోసం 50 లేదా 85 ఎఫ్1.8 ఒకటి చాలు. అసలు చిక్కు రంగులతోనే. పెళ్లి పందిళ్లకు గులాబీ, పసుపు, బంగారు రంగు గుడ్డలు కడతారు. ఫ్లాష్‌ను పైకి తిప్పి కొడితే ఆ రంగంతా మొహాల మీద పడుతుంది. అందుకని లోపల వీలైనంత వరకు ఉన్న వెలుగుతోనే, ఐఎస్‌ఓ 1600-3200 మధ్య, రా (RAW) ఫార్మాట్‌లో తీయండి. వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలేయకండి.

3. ఊరేగింపుకు ముందు నడవండి

పొద్దున్నే వరుడి తరఫువాళ్లు పళ్లు, మిఠాయిలు, కానుకల పళ్లేలు పట్టుకుని రెండు వరసల్లో వధువు ఇంటికి బయలుదేరతారు. దీన్ని హే చమ్నూన్ అంటారు. పళ్లేలు జతలు జతలుగా ఉంటాయి. వాళ్లు వరసలో నిలబడుతున్నప్పుడే ఆ పళ్లేల ఫొటోలు తీసేయండి, నడక మొదలయ్యాక కుదరదు. తర్వాత వరసకు ముందు వెనక్కి నడుస్తూ తీయాలి. వెనక స్కూటర్లు, గుంతలు చూసేందుకు ఒక మనిషి మీ భుజం పట్టుకుని ఉంటే మంచిది.

4. లోపలికి వచ్చాక కూర్చోండి

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటారంటే ఇది గుర్తుంచుకోండి. భిక్షువులు, పెద్దలు, వధూవరులు అందరూ చాపల మీదే ఉంటారు. వాళ్లకంటే ఎత్తున నిలబడటం మర్యాద కాదు. పైగా నిలబడి తీస్తే నడినెత్తులు తప్ప కళ్లు కనబడవు. మోకాళ్ల మీద జరుగుతూ తీయండి, పాదాలు మాత్రం ఎవరివైపూ చాపకండి. భిక్షువులు మంత్రాలు చదివి నీళ్లు చల్లేటప్పుడు షట్టర్ 1/500 ఉంటే చుక్కలు నిలుస్తాయి. అంత వెలుగు లేకపోతే చుక్కల సంగతి వదిలేసి మొహాలు చూసుకోండి.

జుట్టు కత్తిరించే తంతు, కాత్ సక్, ఫొటోలకు బాగా దొరుకుతుంది. నిజంగా కత్తిరించరు. కత్తెర ఆడించి, అత్తరు చల్లుతారు. గాయకులు ఆడుతూ పాడుతూ నవ్విస్తారు. అందరి కెమెరాలూ వాళ్లవైపే తిరుగుతాయి కాబట్టి మీరు కత్తెర పట్టుకున్న తల్లి మొహం చూడండి.

పోపిల్ అప్పుడు మాత్రం జాగ్రత్త. పెళ్లయిన జంటలు వధూవరుల చుట్టూ కూర్చుని, ఆకు ఆకారపు లోహపు పిడికి అంటించిన కొవ్వొత్తులను చేతులు మారుస్తూ తిప్పుతారు. ఆ పొగను చేత్తో జంటవైపు తోస్తారు. సాధారణంగా ఏడు చుట్లు. ఆ వలయం లోపలికి అడుగు పెట్టవద్దు, ఫ్లాష్ వద్దు. మొహం మీద స్పాట్ మీటరింగ్ (ఒక్క చోటి వెలుగునే కొలిచే సెట్టింగ్) పెట్టి, మొదటి రెండు చుట్లు ఊరికే చూడండి. పిడి ఎవరి దగ్గర కాస్త ఆగుతోందో తెలిసిపోతుంది. మూడో చుట్టుకు అక్కడ గురిపెట్టండి.

5. దారాలు, కొంగు

పెద్దలు వధూవరుల మణికట్లకు ఎర్ర దారాలు కట్టి దీవిస్తారు. ఇక్కడ ఫొటో అంతా చేతులదే. దగ్గరగా తీయండి. పోకపూలు చల్లేటప్పుడు వరసగా ఫొటోలు తీయండి.

చివర్లో వరుడు వధువు స్బై, అంటే భుజం మీద వేసుకున్న ఉత్తరీయం కొస, పట్టుకుని ఆమె వెనకే గదిలోకి నడుస్తాడు. ప్రియా థోంగ్ అనే పరాయి రాజకుమారుడు నాగకన్య ఉత్తరీయం పట్టుకుని ఆమె తండ్రి రాజ్యానికి వెళ్లాడన్న కథకు గుర్తు ఇది. ఖ్మేర్ ప్రజలు తమ రాజ్యం పుట్టుకను ఆ జంటతోనే ముడిపెట్టుకుంటారు. కొన్ని సెకన్లలో అయిపోతుంది కాబట్టి ముందే పక్కకు చేరండి. కొస పట్టిన చెయ్యి, ముందు నడిచే వధువు ఒకే ఫ్రేములో రావాలంటే పక్కనుంచే తీయాలి.

6. మధ్య ఖాళీలు, సాయంత్రం విందు

వధువు ఒక్కో ఘట్టానికీ బట్టలు మారుస్తుంది. ఆ ఖాళీలో నగలు, పళ్లేలు, వాద్యకారుల ఫొటోలు తీసుకోండి. సాయంత్రం విందుకు జంట గుమ్మం దగ్గర నిలబడి అతిథులను ఆహ్వానిస్తుంది. అక్కడ ఫ్లాష్ తప్పదు. భోజనాలయ్యాక పూలబల్ల చుట్టూ డాన్సులు రాత్రిదాకా నడుస్తాయి కాబట్టి బ్యాటరీ ఒకటి దీనికి విడిగా దాచండి. పడుకునేముందు కార్డులన్నీ రెండు డ్రైవ్‌లలోకి కాపీ చేయండి.